పెద్ద కంపెనీలో ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి హనుమకొండ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. బీకాం చివరి ఏడాది పిల్లలు, ఎంబీఏ పిల్లలు, ఒక్కోసారి వాళ్ల తల్లిదండ్రులు. అడిగేవి అవే ప్రశ్నలు, వాటి వెనుక ఉన్నవి అవే భయాలు. ఎంబీఏ చదువుతుండగా నేను ఉత్తర తెలంగాణలోని ఒక పెద్ద తయారీ సంస్థ ప్లాంటులో ఎనిమిది వారాలు ఫైనాన్స్ ఇంటర్న్‌గా పనిచేశాను. ఇప్పుడు మరో సంస్థలో అదే విభాగంలో ఉద్యోగం చేస్తూ, ప్రతి వేసవిలో ఇద్దరు ముగ్గురు ఇంటర్న్‌లకు పని నేర్పుతున్నాను. రెండు వైపుల నుంచీ చూసినదాన్ని కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను.

అపోహ: ఫైనాన్స్ ఇంటర్న్ అంటే షేర్లు, పెట్టుబడులు, కోట్ల రూపాయల నిర్ణయాలు.

నేనూ ఇలాగే అనుకుని వెళ్లాను. ప్రాజెక్టుల లాభనష్టాలు అంచనా వేసే సూత్రాలన్నీ వల్లె వేసుకున్నాను. మొదటి రోజు మా మేడం నా ముందు పెట్టింది ఆగిపోయిన బిల్లుల జాబితా. నూట నలభై వరుసలు. "ఒక్కొక్కటి ఎందుకు ఆగిందో కనుక్కో అమ్మా" అన్నారు. ఆ సాయంత్రం గదికి వెళ్లి ఏడ్చాను. ఇందుకేనా ఇంత చదివింది అనిపించింది.

వాస్తవం ఏమిటంటే, తయారీ కంపెనీలో ఫైనాన్స్ విభాగం పనిలో ఎక్కువ భాగం ఇదే. కొన్నవాటికి డబ్బు చెల్లించడం, అమ్మినవాటి డబ్బు రాబట్టడం, పన్నులు గడువులోగా కట్టడం, నెలాఖరున ఖాతాలు ముగించడం. పెట్టుబడి నిర్ణయాలు తీసుకునే బృందం చిన్నది. చాలా కంపెనీల్లో అది ప్రధాన కార్యాలయంలో ఉంటుంది. ఎనిమిది వారాల కోసం వచ్చిన విద్యార్థి చేతికి ఆ పని రాదు, రాకూడదు కూడా.

ఒక బిల్లు చెల్లించాలంటే మూడు కాగితాలు కలవాలి. కంపెనీ ఇచ్చిన కొనుగోలు ఆర్డరు, సరుకు అందిందని స్టోర్స్ వాళ్లు రాసే జీఆర్ఎన్, సరఫరాదారు పంపిన ఇన్వాయిస్. మూడింటిలోనూ పరిమాణం, ధర ఒక్కటిగా ఉంటేనే బిల్లు ముందుకు కదులుతుంది. ఇది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, కానీ అర్థమైంది మాత్రం ప్లాంటులోనే. అర్థమైన రోజున మా నాన్న గుర్తొచ్చారు. ఆయన వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో దడ్వాయి, అంటే సరుకు తూకం వేసే మనిషి. మిర్చి బస్తా కాంటా ఎక్కాక ఆయన రాసిన తూకం, వేలంలో పలికిన ధర, రైతు చేతికి వచ్చే లెక్కల చీటీ తక్‌పట్టీ, ఈ మూడూ కలవకపోతే రైతు యార్డు నుంచి కదలడు. ఎక్కడ తేడా వచ్చిందో చూపించేదాకా నిలదీస్తాడు. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో విన్న సంగతే ఇక్కడ వేరే పేరుతో ఎదురైంది.

ఆ నూట నలభై వరుసల్లో ఒకటి చిన్న వర్క్‌షాపు నడిపే ఒక పెద్దాయన బిల్లు. యంత్రాలకు వాడే గాస్కెట్లు చేసి ఇచ్చారు. లక్ష రూపాయల సరుకు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,18,000. డెబ్బై రోజులుగా ఆగి ఉంది. ఆర్డరులో 50 సెట్లు, సెట్టు 2,000 అని ఉంది. ఆయన ఇన్వాయిస్‌లో 200 గాస్కెట్లు, ఒక్కొక్కటి 500 అని రాశారు. స్టోర్స్ వాళ్లు 50 సెట్లు అందాయని రాశారు. సెట్టుకు నాలుగు. మొత్తం ఒక్కటే, లెక్కపెట్టిన తీరు వేరు. 50కీ 200కీ పొంతన లేక సిస్టమ్ బిల్లును ఆపేసింది. ఆ తేడాను ఎవరూ తెరిచి చూడలేదు.

స్టోర్స్‌కు నడిచి వెళ్లి సరుకుతో వచ్చిన చలానా చూశాను. కొనుగోలు విభాగం నుంచి సెట్టుకు నాలుగు అని రాతపూర్వకంగా తెప్పించాను. నా అంతట నేను అంకె మార్చలేదు. ఇంటర్న్ ఎప్పుడూ మార్చకూడదు. మధ్యాహ్నానికల్లా బిల్లు కదిలింది.

ఆ డెబ్బై రోజుల్లో ఆయనకు ఏం జరిగిందో తర్వాత ఆయనతో మాట్లాడితే తెలిసింది. ఆయనలా నెలనెలా రిటర్ను వేసేవాళ్లు ఇన్వాయిస్ రాసిన నెలకు సంబంధించిన జీఎస్టీని మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. కంపెనీ డబ్బు ఇచ్చిందా లేదా అని చట్టం అడగదు. అంటే, చేతికి రూపాయి రాకముందే ఆయన 18,000 తన జేబు నుంచి ప్రభుత్వానికి కట్టారు. పనివాళ్ల జీతాలకు వడ్డీకి తెచ్చారు. "బిడ్డా, ఫోన్ చేసినప్పుడల్లా ప్రాసెస్‌లో ఉంది అన్నారు గానీ, ఎందుకు ఆగిందో ఒక్కరూ చెప్పలేదు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఇలాంటి సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మరో కట్టుబాటు కూడా వచ్చింది: గడువు దాటిన ఆ మొత్తాన్ని, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కంపెనీ తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలదు. చిన్న బిల్లు ఆగడం పెద్ద కంపెనీకీ నష్టమే. ఆగిన బిల్లుల జాబితా మీ చేతికి వస్తే దాన్ని చిన్న పని అనుకోకండి.

అపోహ: అంత పెద్ద కంపెనీలో పొరపాట్లు జరగవు, అంతా కంప్యూటరే చూసుకుంటుంది.

ఒకే బిల్లు రెండుసార్లు వస్తే సిస్టమ్ పట్టుకుంటుంది, నిజమే. ఎలా పట్టుకుంటుంది? ప్రధానంగా ఇన్వాయిస్ నంబరు చూసి. 0145 అని ఒకసారి, 145 అని మరోసారి నమోదైతే అవి రెండు వేర్వేరు బిల్లులుగా కనిపించే వీలుంది. అడ్డగీత, చుక్క, చివర్లో ఒక ఖాళీ, ఏదైనా చాలు. కాబట్టి సరఫరాదారు పేరు, తేదీ, మొత్తం కలిపి చూసే కన్ను కావాలి. కంపెనీ రికార్డులను, జీఎస్టీ పోర్టల్‌లో ప్రతి నెలా 14న వచ్చే జీఎస్టీఆర్-2బీని, అంటే సరఫరాదారులు చూపిన ఇన్వాయిస్‌ల జాబితాను సరిపోల్చేటప్పుడూ ఇదే తంటా. సరఫరాదారు తన రిటర్నులో చూపని ఇన్వాయిస్‌పై కంపెనీకి పన్ను క్రెడిట్ రాదు, అంటే ఆ జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేదు. ఆ జాబితా తీసి, ఫోన్లు చేసి, తప్పు ఎవరిదో తేల్చే పని తరచుగా ఇంటర్న్‌లదే. ఓపికగా చేస్తే ఒక్క నెలలో జీఎస్టీ మీకు ఎవరూ మళ్లీ చెప్పనక్కరలేనంతగా పట్టుబడుతుంది.

అపోహ: గణితంలో దిట్ట అయి ఉండాలి.

కూడిక, తీసివేత, శాతం వస్తే చాలు. కష్టమంతా ఏ అంకెపై శాతం వేయాలో తెలియడంలో ఉంది. కాంట్రాక్టు పని చేసిన ఒక భాగస్వామ్య సంస్థ బిల్లులో లక్ష రూపాయలు పని విలువ, 18,000 జీఎస్టీ విడిగా ఉన్నాయి. చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్నును టీడీఎస్ అంటారు. నేను 2 శాతం టీడీఎస్‌ను 1,18,000పై లెక్కించి 2,360 కోశాను. జీఎస్టీ విడిగా చూపినప్పుడు టీడీఎస్ అసలు విలువపైనే, అంటే 2,000. మేడం చూసి సరిచేయించారు. 360 రూపాయలే కదా అనిపించవచ్చు, కానీ ఆ డబ్బు వాళ్లకు తిరిగి రావాలంటే రిటర్ను వేసి ఎదురుచూడాలి.

తేదీలు కూడా అంతే ముఖ్యం. జూన్‌లో వాడిన కరెంటుకు బిల్లు జూలైలో వస్తుంది. ఖర్చు మాత్రం జూన్‌ది. అందుకే బిల్లు రాకముందే అంచనా వేసి జూన్ ఖాతాలో ప్రొవిజన్ రాస్తారు. ఎవరి పని పూర్తయింది, ఎవరి బిల్లు ఇంకా రాలేదు అని విభాగాలన్నీ తిరిగి అడగడమే నెలాఖరు పని.

అపోహ: తెలుగు మీడియం వాళ్లు నెగ్గుకురాలేరు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులోనే భయం వినిపిస్తుంది. నేను పదో తరగతి దాకా ప్రభుత్వ పాఠశాలలో తెలుగులోనే చదివాను. ఇంగ్లిష్ అవసరం లేదని చెప్పను, ఈమెయిళ్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కానీ ఆ ఈమెయిళ్లలో తిరిగేవి ఇరవై ముప్పై రకాల వాక్యాలే. పాతవి చదివి, నకలు రాసుకుంటే మూడో వారానికి చేయి తిరుగుతుంది. స్టోర్స్‌లో, లారీ గేటు దగ్గర, కాంట్రాక్టర్లతో ఫోన్‌లో నడిచేది తెలుగు, హిందీ. అక్కడ విషయం రాబట్టగలిగిన వాళ్లకే పని పూర్తవుతుంది. మన పిల్లలకు ఆ నేర్పు ఇంట్లోనే అబ్బుతుంది.

అపోహ: వేలు పోసి ఎస్‌ఏపీ (పెద్ద కంపెనీలు ఖాతాలకు వాడే సాఫ్ట్‌వేర్) కోర్సు చేస్తేనే తీసుకుంటారు.

ఈ మాట చెప్పి అప్పు చేయించే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. చాలా కంపెనీలు ఇంటర్న్‌కు సిస్టమ్‌లో చూసే అనుమతి మాత్రమే ఇస్తాయి, నమోదు చేసే అనుమతి ఇవ్వవు. ఏ తెర ఎక్కడుందో పక్క సీటు వాళ్లు రెండు రోజుల్లో చూపిస్తారు. నేర్చుకుని వెళ్లవలసింది ఎక్సెల్: ఒక పట్టికలోని అంకెను మరో పట్టికలోంచి వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP), వివరాలను రకాలవారీగా కూడి చూపే పివట్ టేబుల్, అనవసరపు ఖాళీలు తీసేసే ట్రిమ్. ఇవి ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు.

అపోహ: ప్రాజెక్టు రిపోర్టులో కంపెనీ లోపలి అంకెలు పెడితేనే మార్కులు.

ఇది ప్రమాదకరం. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలో త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా, లోపలి అంకెలు తెలిసే అవకాశం ఉన్న ఉద్యోగులు ఆ కంపెనీ షేర్లు కొనడానికీ అమ్మడానికీ వీల్లేదు. ప్రకటించని ఆర్థిక సమాచారాన్ని బయటివాళ్లకు చెప్పడం స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల ప్రకారం నేరం. ఇంటర్న్‌కూ మినహాయింపు లేదు. ఒక విద్యార్థి తన కంప్యూటర్ తెరను ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ఆ తెర మీద ఒక నెల అమ్మకాల పట్టిక ఉంది. ఆ రోజే పంపించేశారు. రిపోర్టుకు అచ్చయిన వార్షిక నివేదిక అంకెలు చాలు. పని విధానాన్ని మీ మాటల్లో రాయండి, సరఫరాదారుల పేర్లు తీసేయండి.

అపోహ: పైరవీ లేనిదే దొరకదు, దొరికితే ఉద్యోగం ఖాయం.

రెండూ నిజం కావు. నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. పదకొండు ఉత్తరాలు రాస్తే రెండింటికి జవాబు వచ్చింది. వేసవి కోసం జనవరిలోనే రాయాలి, ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేసేవాళ్లకు అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇక ఉద్యోగం విషయానికి వస్తే, నేను ఇంటర్న్‌గా చేసిన చోట ఆ ఏడాది ఎవరినీ తీసుకోలేదు.

అందుకే సర్టిఫికెట్ కంటే, రెజ్యూమేలో ఏం రాస్తారన్నది ఆలోచించండి. ఫైనాన్స్ విభాగంలో అనుభవం గడించాను అని అందరూ రాస్తారు. నేను ఒక్క వాక్యం రాశాను: డెబ్బై రోజులుగా ఆగిన బిల్లుకు కారణం కనుక్కుని చెల్లింపు జరిగేలా చూశాను. ఇప్పటి ఉద్యోగం ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. అందులో పెద్దాయన ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఎందుకు ఆగింది?" అని అడిగారు. నేను తెల్లకాగితం తీసుకుని 50 సెట్లు ఒకవైపు, 200 గాస్కెట్లు మరోవైపు రాసి చెప్పడం మొదలుపెట్టాను. మిగతా ప్రశ్నలన్నీ ఆ కాగితం మీదే అడిగారు.