టైరు కింది నిమ్మకాయ, బానెట్ కింది బ్యాటరీ

కొత్తగూడెం నుంచి ఒక పాఠకుడు రాశారు. డిసెంబరులో పిల్లల్ని తీసుకుని కార్లో లంబసింగి వెళ్లారట. మంచు చూద్దామని తెల్లారగట్ల ఐదింటికి లేచి తాళం తిప్పితే కారు ‘టకటకటక’ మని ఊరుకుంది. పక్క గదిలో దిగిన ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.3 వోల్టులు చూపించింది. “బ్యాటరీ బాగానే ఉంది కదండీ, మరెందుకు మొరాయించింది? బయల్దేరే ముందు నిమ్మకాయలు కూడా తొక్కించాం” అని ఆయన బాధ.

ఆ నిమ్మకాయ దగ్గరే మొదలుపెడతాను. దాన్ని తొక్కించకుండా దాచుకుని ఉంటే కరెంటు పుట్టించవచ్చు. ఒక పక్క జింకు పూత మేకు, ఇంకో పక్క రాగి తీగ గుచ్చితే మీటరు దాదాపు 0.9 వోల్టు చూపిస్తుంది. స్కూలు సైన్స్ ఫెయిర్లలో ఇలాంటి కాయలు నాలుగు కలిపి చిన్న ఎల్‌ఈడీ వెలిగిస్తారు, చప్పట్లు కొడతారు, అయిపోతుంది. అసలు ప్రశ్న మాత్రం ఏ మాస్టారూ అడగరు. 14 కాయలు వరుసగా కలిపితే 12.6 వోల్టులు. నిండుగా ఛార్జి ఉన్న కారు బ్యాటరీ కూడా 12.6 వోల్టులే: ఆరు గదులు, గదికి 2.1. మరి 14 నిమ్మకాయలతో కారు ఎందుకు స్టార్ట్ కాదు?

ప్రతి బ్యాటరీ కడుపులోనూ ఒక అడ్డు ఉంటుంది. పుస్తకాల్లో దాని పేరు అంతర్నిరోధం. మీటరు కరెంటు లాగదు కాబట్టి ఆ అడ్డు మీటరు కంట పడదు. నిమ్మకాయలో అది వందల ఓములు. ఉదారంగా కాయ ఒక మిల్లీ ఆంపియర్ ఇస్తుందనుకుందాం. సెల్ఫ్ మోటారుకి చిన్న పెట్రోలు కార్లోనే 150 ఆంపియర్లదాకా కావాలి. అంటే వరుసకు 14 కాయల చొప్పున లక్షా యాభై వేల వరుసలు, మొత్తం 21 లక్షల కాయలు. కాయ 40 గ్రాములైతే 84 టన్నులు! గూడూరు మార్కెట్టు నుంచి ఎనిమిదో తొమ్మిదో లారీలు దిగాలి, ఒక్కసారి సెల్ఫ్ కొట్టడానికి.

1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసపు బ్యాటరీ ఘనత వోల్టుల్లో లేదు, ఆ అడ్డు అతి తక్కువగా ఉండటంలో ఉంది. బాగున్న బ్యాటరీలో అది సుమారు 0.01 ఓము. 150 ఆంపియర్లు లాగితే 1.5 వోల్టు లోపలే ఖర్చవుతుంది, సెల్ఫ్‌కి 11.1 అందుతుంది. హాయిగా తిరుగుతుంది. చలిలో ఆమ్లం బ్యాటరీలోని సీసపు పలకల సన్నటి రంధ్రాల్లోకి ఊరడం నెమ్మదిస్తుంది, రసాయన చర్యా మందగిస్తుంది, దాంతో అడ్డు పెరుగుతుంది. బ్యాటరీ ముసలిది కూడా అయి ఆ అడ్డు 0.03 ఓముకి చేరిందనుకోండి. అటు ఇంజనాయిలూ చిక్కబడి (డిసెంబరులో కొబ్బరినూనె సీసాలా గడ్డకట్టదులెండి) ఇంజను బరువెక్కుతుంది, 150 ఆంపియర్లు కాస్తా 200 అవుతాయి. 200ని 0.03తో గుణిస్తే ఆరు. మీ 12.3లోంచి ఆరు పోతే మిగిలేది 6.3.

ఇక ఆ టకటక. సెల్ఫ్ మీద సోలినాయిడ్ అని ఒకటి ఉంటుంది. తాళం తిప్పగానే అందులోని తీగచుట్ట అయస్కాంతమై, ఒక రాగి బిళ్లని లాగి మోటారుకి కరెంటు దారి కలుపుతుంది. మోటారు ఒక్క గుటక వేసేసరికి వోల్టేజి ఆరుకి పడిపోతుంది. అయస్కాంతానికి బలం చాలదు, బిళ్లని వదిలేస్తుంది. మోటారు ఆగగానే వోల్టేజి మళ్లీ పన్నెండుకి లేస్తుంది, అయస్కాంతం మళ్లీ లాగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. ఒక్క సెకనులోనే ఇదంతా ఎన్నోసార్లు. మీరు విన్నది ఆ అడ్డు చప్పుడే!

అయితే దోషం లంబసింగిది కాదు. బ్యాటరీల మీద అచ్చువేసే కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లకు కొలత మైనస్ 18 డిగ్రీల దగ్గర: 7.2 వోల్టులకు తగ్గకుండా 30 సెకన్లు ఇవ్వగలిగిన కరెంటు. అమెరికాలో మంచు కురిసే మినియాపొలిస్‌లో మనవాళ్ల కార్లు ఆ చలిలోనూ లేస్తాయి. లంబసింగి ఐదారు డిగ్రీలు కొత్త బ్యాటరీకి లెక్కలోకి రావు. మీ బ్యాటరీని చంపింది కొత్తగూడెం మే నెల. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది, బ్యాటరీని తినేసే చర్యలకూ అదే లెక్క. 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు బానెట్ కింద ధన పలకలోని సీసపు జాలీ తుప్పుపడుతుంది, నీరు ఆవిరవుతుంది. వేసవిలో ఇంజనాయిలు పల్చగా ఉంటుంది కాబట్టి సెల్ఫ్‌కి ఎక్కువ కరెంటు అక్కర్లేదు, జబ్బు బయటపడదు. పైగా 12.3 అంటే ఛార్జి అరవై శాతం చిల్లరే. రాత్రి ఇంజను ఆపి పాటలు పెట్టుకున్నారేమో.

ఇంట్లోనే చూసుకోవచ్చు. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. ఆరిపోయేంతగా మసకబారితే బ్యాటరీయో, టెర్మినల్ మీద తెల్లటి పొడో. లైట్లు నిక్షేపంగా వెలుగుతూ ఒక్క ‘టక్’ మాత్రమే వినిపిస్తే సెల్ఫ్ చూపించాలి. ఇంజను చురుగ్గా తిరుగుతూ అంటుకోకపోతే బ్యాటరీని తిట్టకండి. డీజిలు బండైతే హీటరు ప్లగ్గులు చూడాలి. డీజిల్లో మైనం పేరుకోవడం లద్దాఖ్ కథ. దానికోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిలు తెచ్చింది. లంబసింగికి ఆ బెడద లేదు.

కొండ మీద చిక్కుకుంటే లైట్లు, బ్లోయరు ఆపి, క్లచ్ తొక్కి ఐదు సెకన్లు మాత్రమే సెల్ఫ్ కొట్టండి. తర్వాత అర నిమిషం ఆగండి. ఆ వ్యవధిలో ఆమ్లం మళ్లీ పలకల్లోకి ఊరుతుంది.

మెకానిక్‌ చేత రెండు కొలతలు తీయించమని ఆ పాఠకుడికి రాశాను. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ సీసపు మొగ్గకీ దాన్ని పట్టుకున్న క్లాంపుకీ మధ్య 0.05 వోల్టు వచ్చింది. అర వోల్టు ఉంటే మురికి అనేవాణ్ని, టెర్మినల్ శుభ్రమే. రెండు మొగ్గల మధ్య 9.6కి తగ్గకూడదు, మిట్టమధ్యాహ్నమే 8.4కి దిగింది. బ్యాటరీ మీది తేదీ ప్రకారం అది ఐదు వేసవులు చూసింది. కొత్తది వేయించుకున్నారు, పాతదాన్ని సీసం కోసం తీసుకుని ధరలో కొంత తగ్గించారట. మళ్లీ నిమ్మకాయలు తొక్కించారో లేదో నేను అడగలేదు.