వజ్రకరూరు రాయి నుంచి సీసం లేని వెలుగు దాకా

తొలకరి వాన పడిందంటే చాలు, వజ్రకరూరు చేలల్లో, అటు తుగ్గలి, జొన్నగిరి వైపు ఎర్రనేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు, పక్క జిల్లాల వాళ్లు కూడా సద్దిమూటలతో వచ్చి రోజుల తరబడి ఉండిపోతారు. వాళ్లెవరూ పట్టించుకోని ఇంకో ఖనిజం కూడా అక్కడి రాతిలో ఉంది. వజ్రాలను భూమి లోతుల నుంచి మోసుకొచ్చిన కింబర్లైట్ రాతిలో సన్నటి రేణువులుగా ఉంటుంది, పేరు పెరోవ్‌స్కైట్. 1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన రాయిని చూసి గుస్తావ్ రోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరది. వజ్రకరూరు కింబర్లైట్ల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లని తేల్చడానికి ఈ రేణువులే పనికొచ్చాయి, వాటిలోని కొద్దిపాటి యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి లెక్క కట్టారు.

సీసం మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. ఆ రాతిలో ఉండేది కాల్షియం, టైటానియం, ఆక్సిజన్. దానితో బల్బు చేయలేం. కానీ అందులో పరమాణువులు పేర్చుకున్న తీరు ఉంది చూడండి, అదే తీరులో సీసియం, సీసం, బ్రోమిన్ పేరిస్తే (సీసియం వేరు, సీసం వేరు) కళ్లు చెదిరే ఆకుపచ్చ వెలుగు వస్తుంది. 2014లో కేంబ్రిడ్జ్‌లో ఈ కుటుంబం పదార్థాలతో మామూలు గది వేడిలో వెలిగే ఎల్ఈడీ చేసి చూపించారు. మరుసటి ఏడాది జ్యూరిక్‌లో కోవలెంకో అనే శాస్త్రవేత్త బృందం సీసియం, సీసం కలిసిన నానో రేణువులు తయారుచేసింది, రేణువు సైజు, దానిలోని మూలకాలు మార్చితే నీలం నుంచి ఎరుపు దాకా ఏ రంగైనా వస్తుంది.

ఇంత బాగుంటే ఇంకేం కావాలి అంటారా? ఆకుపచ్చ వెలుగిచ్చే ఆ పదార్థం బరువులో మూడో వంతుకు పైగా సీసమే. పైగా అది నీళ్లు తగిలితే చెడిపోయే రకం. పాడైన బల్బు పాతసామాన్ల బండికి వేస్తాం, అక్కడి నుంచి ఏదో దిబ్బకు చేరి, వాన పడి, ఆ సీసం మట్టిలోకి, బావుల్లోకి దిగితే? పిల్లల మెదడుకు సీసం ఎంత తక్కువైతే ఫరవాలేదో చెప్పగల హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇన్వర్టర్ బ్యాటరీల సీసంతోనే మనకు చాలినంత టెన్షన్ ఉంది, ఇంటింటి దీపంలోకి కూడా దాన్ని తెచ్చుకోవడం నాకైతే అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు.

మొదట అందరికీ తట్టింది తగరం, సీసానికి దగ్గర చుట్టం. కానీ గాలి తగిలితే అది ఊరికే ఆక్సీకరణం చెంది పదార్థమే పాడైపోతుంది. తర్వాత ఒక మంచి లెక్క దొరికింది. సీసం అయాన్ మీద రెండు ధనావేశాలుంటాయి, అలాంటివి రెండు తీసేసి ఒక ఆవేశమున్న వెండి అయాన్ ఒకటి, మూడున్న ఇండియం అయాన్ ఒకటి పెడితే మొత్తం నాలుగు సరిపోతుంది. గట్టిగా నిలబడే పదార్థం వచ్చింది, కానీ వెలుగు దాదాపు లేదు. ఎలక్ట్రాన్ వెలుగిస్తూ కిందికి దిగాల్సిన దారిని ఆ స్ఫటికం సౌష్ఠవమే మూసేసింది.

2018లో వుహాన్‌లోని శాస్త్రవేత్తలు, ఇంకొందరు కలిసి ఆ దారి తెరిచారు. వెండిలో 40 శాతం తీసి మన ఉప్పులో ఉండే సోడియం పెట్టారు, చిటికెడు కంటే తక్కువగా, 0.04 శాతం బిస్మత్ కలిపారు. అంతే, మింగిన ప్రతి 100 కాంతి కణాలకు 86 దాకా తిరిగి ఇచ్చింది, అదీ వెచ్చటి తెల్లటి వెలుగు! ఈ పొడిని అతినీలలోహిత ఎల్ఈడీ మీద అద్ది బయటి గాలిలోనే 1000 గంటలకు పైగా వెలిగించినా పెద్దగా తగ్గలేదు.

ఒకే పదార్థం తెల్లగా ఎలా వెలిగింది? నులక మంచం మీద కూర్చోవడం గుర్తు తెచ్చుకోండి. రాతి అరుగు మీద కూర్చుంటే అరుగుకేం కాదు, నులక మంచం మీదైతే కూర్చున్న చోటే కుంగుతుంది, ఆ గుంటలో మనమే చిక్కుకుంటాం. ఈ స్ఫటికంలో ఎలక్ట్రాన్, అది వదిలొచ్చిన ఖాళీ జంటగా చుట్టూ ఉన్న పరమాణువులను వంచి, తాము చేసిన గుంటలోనే ఇరుక్కుని వెలుగు వదులుతాయి. పరమాణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి కాబట్టి వచ్చే రంగు ఒక్కటి కాదు, పరుచుకున్న రంగుల పట్టీ. టీవీ తెరకు ఇది పనికిరాదు, అక్కడ సన్నటి స్వచ్ఛమైన రంగు కావాలి. ఇంట్లో దీపానికి మాత్రం సరిగ్గా ఇదే కావాలి. ఇప్పటి తెల్ల ఎల్ఈడీల్లో నీలి చిప్ మీద అరుదైన ఖనిజాలతో చేసిన పసుపు పొడి పూస్తారు, ఇక్కడ తెల్లటి వెలుగంతా ఒక్క పదార్థమే ఇస్తోంది.

ఇండియం కూడా చవక కాదు, టచ్ స్క్రీన్లన్నీ దాన్నే అడుగుతాయి. అందుకే నా ఆశంతా రాగి మీద. సీసియం, రాగి, అయోడిన్ కలిసిన స్ఫటికం నీలంగా, దాదాపు 90 శాతం సామర్థ్యంతో వెలుగుతుందని అదే 2018లో జపాన్‌లో చూపించారు. కచ్చితంగా చెప్పాలంటే దాని అమరిక పెరోవ్‌స్కైట్ కాదు.

పైన చెప్పిన 86, 90 రెండూ బయటి నుంచి వెలుగు పడితే తిరిగి ఇచ్చే లెక్కలు. నేరుగా కరెంటు పంపి వెలిగించబోతే ఈ పదార్థాలు బాగా వెనకబడతాయి, ఎందుకంటే తెల్లటి వెలుగిచ్చిన ఆ గుంటే ఎలక్ట్రాన్‌ను కదలనివ్వదు. తీగ నుంచి అది అరుగు మీద నడిచినట్టు సులువుగా నడిచి రావాలి, చేరాల్సిన చోటికి చేరాక నులక మంచంలోలా కుంగి కూర్చోవాలి, రెండూ ఒకే పలచని పొరలో జరగాలి.