కృతజ్ఞతతో టెన్షన్ తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

"రోజు ముగిశాక జరిగిన మంచి ఒకటి రాయండి" అని చెప్పగానే కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళలో చాలామంది ముఖం ముడుచుకుంటారు. "నా బాధ చెప్పుకుందామని వస్తే మీరు కూడా సంతోషించమనే అంటారా?" అని ఒకావిడ సూటిగానే అడిగారు. ఆవిడ అలా అడగడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. కష్టంలో ఉన్నవాళ్ళ నోరు మూయించడానికి కృతజ్ఞత అనే మాటను వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. అయినా రోజువారీ ఒత్తిడిని తట్టుకోవడానికి, ఇలా మంచిని గమనించి రాసుకునే సాధన నిజంగా పనికొస్తుందని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. అందుకే దాని చుట్టూ పేరుకున్న ఈ అపోహలు తొలగాలని నా తాపత్రయం.

అపోహ: కృతజ్ఞత అంటే ఉన్న బాధను లేదనుకోవడం.

వాస్తవం: బాధ, కృతజ్ఞత రెండూ ఒకే మనసులో ఒకేసారి ఉంటాయి. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రిని చూసుకుంటున్న ఒకాయన నా దగ్గరకు వచ్చేవారు. (ఆయన అనుమతితోనే, కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అని చెప్పి వెళ్ళేవారట. "ఆ మాట విన్నప్పుడల్లా అలసిపోవడం కూడా తప్పేమో అనిపిస్తుంది" అన్నారాయన. ముందు కష్టం రాయమన్నాను. ఎంతైనా రాయండి, ఏదీ దాచకండి, అది అయ్యాకే ఆ రోజు కాస్త ఊరటనిచ్చిన సంగతి ఏదైనా ఉంటే కింద ఒక్క వాక్యం రాయండి అన్నాను.

వారం తర్వాత ఆయన తెచ్చిన నోట్‌బుక్‌లో ఒకచోట పేజీన్నర నిండా కోపం, నిద్ర చాలకపోవడం, డబ్బు టెన్షన్. చివర్లో ఈ వాక్యం: "రాత్రి రెండింటికి పక్కకి తిప్పుతుంటే, నా మీద బరువు పడకూడదని నాన్న బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకున్నారు." అది చదివి వినిపిస్తూ చాలాసేపు ఏడ్చారు. ఆ వాక్యం రాసినందుకు రాత్రి రెండింటికి లేవడం తప్పలేదు. అంతా తానొక్కడే మోస్తున్నానన్న బాధ మాత్రం కొంచెం సడలిందని తర్వాత చెప్పారు. ఒత్తిడిలో మనిషిని ఎక్కువగా కుంగదీసేది ఆ ఒంటరితనమే.

అపోహ: ఇవన్నీ ఉత్త మంచి మాటలు, వీటి వెనక సైన్స్ లేదు.

వాస్తవం: ఉంది. 2003లో అమెరికా సైకాలజిస్టులు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో ఒక ప్రయోగంలో పది వారాల పాటు, వారానికోసారి, ఒక గుంపు కృతజ్ఞత కలిగించిన విషయాలు రాసింది, ఇంకో గుంపు చికాకు పెట్టినవి రాసింది, మూడో గుంపు మామూలుగా జరిగినవి రాసింది. కృతజ్ఞత రాసినవాళ్ళు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో కనిపించారు. చికాకులు రాసినవాళ్ళతో పోల్చినా, మామూలు సంగతులు రాసినవాళ్ళతో పోల్చినా ఈ తేడా కనిపించింది.

ఇది ఎలా పనిచేస్తుందన్నది పెద్ద రహస్యమేమీ కాదు. పదిమంది మెచ్చుకుని ఒక్కరు విమర్శిస్తే రాత్రి పడుకున్నాక గుర్తొచ్చేది ఆ ఒక్కరి మాటే. ప్రమాదాన్ని ముందు పసిగట్టడం మనసుకి పుట్టుకతో వచ్చిన అలవాటు. అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే గుండె వేగం తగ్గదు, కండరాలు వదులు కావు, నిద్ర పట్టదు. కృతజ్ఞత ఎక్కువగా ఉన్నవాళ్ళకి పడుకునే ముందు అలాంటి ఆలోచనలు తక్కువగా వస్తాయనీ, వాళ్ళు నిద్ర కూడా మెరుగ్గా పోతారనీ అధ్యయనాల్లో కనిపించింది. చూపును కాసేపు పక్కకి మళ్ళించడమే ఈ సాధన చేసే పని.

అపోహ: "కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం" అని రాసుకుంటే చాలు.

వాస్తవం: మూడు రోజులు రాస్తే ఆ మాటలు అరిగిపోతాయి. కృతజ్ఞత అనే మాటలోనే దారి ఉంది. కృతం అంటే చేసినది, కృతజ్ఞత అంటే ఆ చేసినదాన్ని ఎరిగి ఉండడం. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు? వాళ్ళు చేయకపోయినా ఎవరూ అడగని పనేనా అది? ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. "మంచి ఆఫీసు" అని రాయడం కంటే "నాకు తలనొప్పిగా ఉందని పక్క సీటు అమ్మాయి గమనించి, మిగిలిన ఎంట్రీలు నేను చూసుకుంటా వెళ్ళండి అంది" అని రాయడం వేరు. రెండోది చదువుతుంటే ఆ మనిషి గొంతు వినిపిస్తుంది.

అపోహ: ఒక్కరోజు కూడా తప్పకుండా రాస్తేనే ఫలితం.

వాస్తవం: సైకాలజిస్ట్ సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలు చేయించిన ప్రయోగంలో వారానికి మూడుసార్లు రాసినవాళ్ళ కంటే ఒక్కసారి రాసినవాళ్ళకే మేలు కనిపించింది. ఇంకో సైకాలజిస్ట్ మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో మాత్రం వారం పాటు రోజూ రాత్రి మూడు మంచి సంగతులు, అవి ఎందుకు జరిగాయో కారణంతో సహా రాయించారు. అదీ పనిచేసింది. మొదటి వారం రోజూ రాసి, తర్వాత వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించమని నేను చెబుతాను. హోమ్‌వర్క్‌లా మారిన రోజున అదే ఇంకో టెన్షన్.

అపోహ: మనకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళని చూసి తృప్తి పడాలి.

వాస్తవం: అది పోలిక. దాని వల్ల కాసేపు ఊరట కలిగినా, వెనకాలే అపరాధభావం వస్తుంది. దానికి బదులు ఇలా చేసి చూడండి: మీ జీవితంలోని ఒక మంచి సంగతి అసలు జరగకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో తమ జీవిత భాగస్వామిని ఎలా కలిశారో రాసినవాళ్ళ కంటే, అసలు కలవకుండా ఎలా పోయేవారో రాసినవాళ్ళే తమ బంధం మీద ఎక్కువ సంతృప్తి చెప్పారు.

అపోహ: కృతజ్ఞత ఉంటే ఎదుటివాళ్ళు ఏం చేసినా పడి ఉండాలి.

వాస్తవం: ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ. "మీ రుణం తీర్చుకోలేను" అనే మాట మన నోట అలవాటుగా వచ్చేస్తుంది, అక్కడే కృతజ్ఞత, రుణం కలగాపులగం అవుతాయి. మేలు అందుకున్నప్పుడు మనసు తేలికవుతుంది, మనంతట మనమే దగ్గరవుతాం. రుణం అనుకున్నప్పుడు భయం, తప్పించుకు తిరగడం మొదలవుతాయి. "నీకు ఇంత చేశాను" అంటూ కొట్టేవాళ్ళకి, అవమానించేవాళ్ళకి, జీతం ఇవ్వకుండా పని చేయించుకునేవాళ్ళకి మీరు కృతజ్ఞతగా ఉండనక్కర్లేదు. అక్కడ కావలసింది సాయం, వీలైతే బయటపడే దారి. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళకి నేను ఈ సాధన అసలు చెప్పను.

అపోహ: డిప్రెషన్‌కి కూడా ఇదే మందు.

వాస్తవం: కాదు. ఒహైయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 27 అధ్యయనాలను కలిపి చూస్తే, డిప్రెషన్, ఆందోళన లక్షణాల మీద ఈ సాధనల ప్రభావం చిన్నదేనని తేలింది. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, నిద్ర, ఆకలి దెబ్బతింటే డాక్టర్‌ని గానీ సైకాలజిస్ట్‌ని గానీ కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే పక్కనున్నవాళ్ళకి చెప్పండి, ఆసుపత్రికి వెళ్ళండి. నోట్‌బుక్ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: మనసులో ఉంటే చాలు, పైకి చెబితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

వాస్తవం: 2018లో పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ ప్రచురించిన ప్రయోగాల్లో కృతజ్ఞతగా ఉత్తరం రాసినవాళ్ళు, అది అందుకునే మనిషి ఇబ్బంది పడతారని ఎక్కువగా ఊహించుకున్నారు, ఆ మనిషి ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు. పొడుగాటి ఉత్తరం అక్కర్లేదు. "ఆ రోజు నువ్వు ఫోన్ పెట్టేయకుండా వింటూ కూర్చున్నావు, అది నాకు గుర్తుంది" అన్న మెసేజ్ చాలు.

ఏమీ తట్టని రోజులూ ఉంటాయి. అలాంటప్పుడు తేదీ వేసి పేజీ ఖాళీగా వదిలేయండి, పడుకోండి.