గుర్తింపు దక్కని సంఘం: రిజిస్ట్రేషన్ ఉన్నా చర్చలకు దూరం

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో గుర్తింపు సంఘం ఎన్నికలంటే కూర్మన్నపాలెం నుంచి ఉక్కునగరం సెక్టార్ల దాకా గేటు మీటింగుల సందడే. రహస్య బ్యాలెట్‌లో ఓడిన సంఘాల రిజిస్ట్రేషన్ ఏమీ రద్దు కాదు. అయినా కార్మికులందరి తరఫున యాజమాన్యంతో చర్చలకు కూర్చునే హోదా మాత్రం వాటికి దక్కదు.

రిజిస్ట్రేషన్ వేరు, గుర్తింపు వేరు అన్న ఈ విభజన పాతదే. విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1918లో పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ నాయకుడు బి.పి. వాడియాపై బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల యాజమాన్యం దావా వేసి హైకోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ అనుభవం నుంచి వచ్చిన 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం రిజిస్టరైన సంఘాలకు అలాంటి దావాల నుంచి రక్షణ కల్పించింది కానీ, వాటితో యాజమాన్యం మాట్లాడి తీరాలని ఎక్కడా చెప్పలేదు. గుర్తింపును తప్పనిసరి చేస్తూ, దాన్ని ఉపసంహరించే పద్ధతిని కూడా నిర్దేశిస్తూ 1947లో చేసిన సవరణ ఆమోదం పొందినా అమలులోకి రాలేదు. కార్మిక చట్టాల చరిత్రలో ఇంత పెద్ద దాటవేత మరొకటి కనిపించదు.

ఆ ఖాళీని 1958లో క్రమశిక్షణ నియమావళి కొంత పూడ్చింది. దాని ప్రకారం ఒకటికి మించి సంఘాలున్న చోట, గుర్తింపు కోరే సంఘం రిజిస్ట్రేషన్ తర్వాత కనీసం ఏడాది పనిచేసి, 15 శాతం కార్మికులను సభ్యులుగా చూపాలి. గుర్తింపు వస్తే ఆవరణలో చందా వసూలు చేసుకోవచ్చు, నోటీసు బోర్డు పెట్టుకోవచ్చు, ఫిర్యాదుల కమిటీకి ప్రతినిధులను పంపవచ్చు. నియమావళిని పాటిస్తే రెండేళ్లపాటు ఆ హోదా కదలదు; ఉల్లంఘిస్తే గుర్తింపు పోతుంది. అయితే ఇది చట్టం కాదు, యాజమాన్యాలూ సంఘాలూ ఒప్పుకున్న కట్టుబాటు మాత్రమే. గుర్తింపు లేని సంఘానికి అప్పట్లో మిగిలింది తన సభ్యుడి వ్యక్తిగత వివాదంలో అతని తరఫున నిలబడటం. అదీ 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం చలవే.

చందా రసీదులతో సభ్యత్వాన్ని లెక్కించడంలో ఒకే కార్మికుడు రెండు మూడు సంఘాల పుస్తకాల్లో కనిపించడం మామూలే కనుక, రహస్య బ్యాలెట్‌కు మొగ్గు పెరిగింది. సింగరేణి బొగ్గు గనుల్లో 1998 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఎట్టకేలకు గుర్తింపును చట్టంలోకి తెచ్చింది: 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం, ఎవరికీ అంత బలం లేకపోతే కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో చర్చల మండలి. అయితే లెక్కలోకి వచ్చేది సంస్థ మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్నవారే కాగా, కాంట్రాక్టు కార్మికుల పేర్లు ఉండేది కాంట్రాక్టరు రిజిస్టరులో.