దుంప దాచుకుంటుంది, పండు పంచిపెడుతుంది

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగినవాటికి అప్పుడే ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క ముక్క మీకు నచ్చదని నాకు తెలుసు. "బంగాళాదుంప కూరగాయే కదా, మరి చిప్స్ తింటే కూరగాయలు తిన్నట్టే కదా?" అని పెద్దవాడి వాదన. "పండ్లు అంత మంచివైతే రోజంతా జ్యూసే తాగొచ్చు కదా?" అని చిన్నదాని ఆశ. రెండూ కుదరవు. ఎందుకు కుదరవో తెలియాలంటే ముందు మొక్క దగ్గరికి వెళ్లాలి. అది ఫోన్‌లో తేలే వ్యవహారం కాదు కాబట్టి ఈ ఉత్తరం.

మొక్క తన ఆకుల్లో తయారుచేసుకున్న ఆహారమంతా అప్పటికప్పుడు ఖర్చు పెట్టేయదు. చలో కరువో వచ్చి ఆకులన్నీ రాలిపోయాక మళ్లీ చిగురు వేయాలంటే బలం కావాలి కదా. అందుకని మిగిలినదాన్ని మట్టి కిందకి పంపి దాచుకుంటుంది. కష్టకాలానికి దాచుకున్న సొమ్ము లాంటిది దుంప. క్యారెట్, బీట్‌రూట్ మొదటి ఏడాది వేరులో కూడబెట్టి, రెండో ఏడాది ఆ కూడబెట్టిందంతా పూలకీ విత్తనాలకీ ఖర్చు చేస్తాయి. పూత వచ్చిన ముల్లంగిని కోస్తే లోపల బెండు కట్టి, నార తేలి ఉండేది అందుకే. మనం ఆ ఖర్చు మొదలవకముందే తవ్వుకుని తినేస్తున్నామన్నమాట. (బంగాళాదుంప నిజానికి వేరు కాదు, మట్టి కింద ఉబ్బిన కాండం. పరీక్షలో అడిగితే అలా రాయండి. తినేటప్పుడు దానితో పనిలేదు.)

పండు సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. చెట్టు దాన్ని కాచేదే ఇంకొకరు తినడానికి. పక్షో కోతో గబ్బిలమో దాన్ని తిని, గింజల్ని దూరంగా ఎక్కడో పడేయాలి. గింజ ముదిరేదాకా కాయ పచ్చగా, పుల్లగా, వగరుగా ఉండి దగ్గరికి రానివ్వదు. గింజ తయారయ్యాక రంగు మారుతుంది, వాసన వస్తుంది, లోపలి పిండి చక్కెరగా మారుతుంది. అరటిలో ఈ మార్పు బాగా తెలుస్తుంది. పచ్చి అరటికాయ లోపల ఐదో వంతు దాకా పిండే ఉంటుంది, బాగా మాగిన పండులో అది ఒకటి రెండు శాతానికి పడిపోతుంది.

దాచుకున్నదాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా చూసుకోవాలి కాబట్టి చాలా దుంపలు కాపలా కూడా పెట్టుకుంటాయి. చేమదుంప, కంద పచ్చివి నోట్లో పెట్టుకుంటే దురద ఎందుకు? వాటిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, అవి నాలుకకీ గొంతుకీ గుచ్చుకుంటాయి. కర్రపెండలం ఇంకా మొండిది. దాని కణాలు నలిగితే సయనైడ్ పుడుతుంది. చేదు రకాలనైతే నానబెట్టో, పులియబెట్టో, తురిమి పిండో, ఎండబెట్టో ఆ విషాన్ని వదిలించాకే తినాలి. ఆఫ్రికాలో కరువు రోజుల్లో, వేరే తిండి లేక, ఆగే ఓపిక లేక ఈ పని సగంలో వదిలేసిన చోట పిల్లలకీ ఆడవాళ్లకీ ఉన్నట్టుండి కాళ్లు పడిపోయిన సందర్భాలున్నాయి. ఆ జబ్బు పేరు కొంజో. మళ్లీ అదే కర్రపెండలం, సరిగ్గా తయారు చేసుకుంటే, ప్రపంచంలో కోట్ల మందికి రోజూ కడుపు నింపే తిండి. ఎండకి ఓర్చుకుంటుంది, సారం లేని నేలలోనూ పండుతుంది, అవసరమైనప్పుడు తవ్వుకోవచ్చు. దాని లోటల్లా మాంసకృత్తులు. వంద గ్రాముల్లో ఒకటిన్నర గ్రాము కూడా ఉండవు. అదొక్కటే తిని పెరిగే పిల్లలకి కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. పక్కన పప్పో, గుడ్డో, చేపో ఉండాల్సిందే.

ఇక పెద్దవాడి వాదన. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినమంటుంది. ఆ లెక్కలోకి బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటి పిండి దుంపలు రావని కూడా స్పష్టంగా చెబుతుంది. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ వస్తాయి. కారణం చూడండి. వంద గ్రాముల ముల్లంగిలో 16 కేలరీలు, క్యారెట్‌లో 41. ఉడికించిన బంగాళాదుంపలో 87, కర్రపెండలంలో 160. వండిన అన్నంలో సుమారు 130. అంటే పిండి దుంపలు పళ్లెంలో కూర్చోవాల్సింది అన్నం, రొట్టె ఉండే చోట. వాటికి తోడుగా కాదు, వాటికి బదులుగా. అన్నం నిండా పెట్టుకుని బంగాళాదుంప కూర కలుపుకుంటే పిండిలో పిండి కలుపుకున్నట్టే. తప్పేం లేదు, కానీ ఆ పూట కూరగాయ తిన్నానని మాత్రం అనకూడదు.

అలాగని బంగాళాదుంపని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందులో పొటాషియం బాగా ఉంది, విటమిన్ సి కూడా ఉంది. తెల్ల బియ్యంలో, మైదాలో ఆ విటమిన్ ఊసే లేదు. 1995లో ఆస్ట్రేలియా పరిశోధకులు 38 రకాల తిండి పదార్థాలను ఒకే కేలరీల కొలతలో తినిపించి, తర్వాత రెండు గంటల పాటు ఎంత కడుపు నిండుగా ఉందో అడిగి చూశారు. ఉడికించిన బంగాళాదుంప అన్నిటికంటే పైన నిలిచింది. 1840ల నాటికి ఐర్లాండ్‌లో లక్షల మంది పేదలు దాదాపు దాని మీదే, కాసిన్ని మజ్జిగ చుక్కలతో బతికారు. 1845లో తెగులు వచ్చి పంట కుళ్లిపోయింది. తర్వాతి కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఆకలితో పాటు అక్కడ చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు కూడా కనబడింది. అన్నాళ్లూ వాళ్లకి విటమిన్ సి ఇచ్చింది ఆ దుంపే మరి. అది పోగానే దానితో పాటు ఇదీ పోయింది.

మరి చిప్స్? వంద గ్రాముల చిప్స్‌లో 530 కేలరీల పైమాటే. దుంపలో ఉన్న నీరు ఆవిరైపోయి, ఆ చోట్లోకి నూనె దూరింది. బరువులో దాదాపు మూడో వంతు నూనే. పైన ఉప్పు. ఎప్పుడైనా సరదాకి తినండి, నేనూ తింటాను. దాన్ని కూరగాయ అని వాదిస్తే మాత్రం ఊరుకోను.

రంగు దుంపల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే వీటిలో కథ ఉంది. క్యారెట్‌కి ఆ నారింజ రంగు ఇచ్చేది బీటా కెరోటిన్. ఒంట్లోకి వెళ్లాక అది విటమిన్ ఎ అవుతుంది. ఆ విటమిన్ లేకపోతే ముందు మసక చీకట్లో చూపు ఆనదు, ముదిరితే కళ్లే పోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తమ పైలట్లు క్యారెట్లు తిని చీకట్లో శత్రు విమానాలను కూల్చేస్తున్నారని ప్రచారం చేసింది. నిజానికి వాళ్ల విమానాల్లో ఉన్నది రాడార్. విటమిన్ తక్కువైనవాడికి క్యారెట్ చూపు తెస్తుంది. సరిపడా ఉన్నవాడు బుట్టెడు తిన్నా కళ్లద్దాలు తీసేయలేడు. మన చిన్నది ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

చిలగడదుంపలో తెల్ల కండ ఉన్న రకాల్లో ఈ కెరోటిన్ దాదాపు ఉండదు, నారింజ కండ ఉన్నవాటిలో దండిగా ఉంటుంది. ఆఫ్రికాలో చాలా చోట్ల జనం తినేది తెల్లదే. పిల్లలకేమో విటమిన్ ఎ చాలడం లేదు. మందు బిళ్లలు పంచడంతో పాటు, అదే దుంపని రంగు మార్చి ఇస్తే ఎలా ఉంటుందని కొందరు శాస్త్రవేత్తలు ఆలోచించారు. అక్కడి నేలకి, అక్కడి నోటికి సరిపోయే నారింజ రకాలను తయారు చేశారు. పిండి తక్కువై మెత్తగా నీరుకారేలా ఉంటే జనం తినరు, అందుకని రుచి మీద కూడా చాలా కష్టపడ్డారు. ఆ పనికి మారియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే ముగ్గురికి, పంటల్లోనే పోషకాలు పెంచే పనిని ముందుకు నడిపిన హోవర్త్ బౌయిస్‌కి కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. బడికి వెళ్లని వయసు పిల్లలకి రోజుకి 125 గ్రాముల నారింజ చిలగడదుంప చాలు, విటమిన్ ఎ అవసరం తీరిపోతుంది. ఒక్క షరతు. కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి, క్యారెట్ అయినా ఇదైనా కాస్త నూనెతోనో, నూనె ఉన్న వేరే తిండితోనో తింటేనే ఒంటికి బాగా పడుతుంది.

బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా కనిపిస్తే కంగారుపడొద్దు. కొందరికి అంతే.

పండ్ల దగ్గరికి వద్దాం. చాలా జంతువులు విటమిన్ సి తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనిషికి, కోతిజాతిలో చాలావాటికి, గినీ పందికి ఆ శక్తి లేదు. బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. 1747లో జేమ్స్ లిండ్ అనే నావికాదళ వైద్యుడు స్కర్వీతో పడకేసిన పన్నెండు మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరూ వారం తిరక్కుండానే చాలావరకు కోలుకున్నారు. అయినా బ్రిటిష్ నావికాదళం ఓడల్లో నిమ్మరసం మామూలుగా పంచడానికి 1795 దాకా పట్టింది. పెద్దవాళ్లు మంచి మాట వినడానికి ఒక్కోసారి అంత కాలం పడుతుంది!

మీ వయసులో రోజుకి 45 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటే చాలు. వంద గ్రాముల నారింజలో 50 దాకా, అంతే బరువు జామపండులో 200 పైన ఉంటుంది. ఒక్క జామపండు తింటే ఆ రోజు లెక్క తేలిపోయినట్టే. పప్పు, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఈ విటమిన్ సాయం చేస్తుంది, అందుకని భోజనంతో పాటే పండు తింటే ఇంకా మంచిది. భోజనం తర్వాత పండు తినకూడదని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

చిన్నదానా, ఇప్పుడు నీ జ్యూస్. 1977లో బ్రిటన్‌లో పది మందికి ఒకే మోతాదు పిండిపదార్థం ఉండేలా ఒకసారి ఆపిల్ ముక్కలు, ఒకసారి ఆపిల్ గుజ్జు, ఒకసారి ఆపిల్ రసం ఇచ్చి చూశారు. రసం ముక్కల కంటే పదకొండు రెట్లు వేగంగా లోపలికి వెళ్లిపోయింది, కడుపు మాత్రం తక్కువ నిండింది. పండులో చక్కెర కణాల లోపల, పీచు మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. నమిలి, అరిగించి బయటికి తీయడానికి టైం పడుతుంది. రసం పిండేసరికి ఆ పని మిషన్ చేసేసింది, పీచు చెత్తబుట్టలోకి పోయింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్ల రసంలోని చక్కెరని, ఇంట్లో పిండినా సరే, టీలో వేసుకునే చక్కెరతో పాటే లెక్కేస్తుంది. పండులో ఉన్నప్పుడు అలా లెక్కేయదు. మూడు ఆపిల్స్ ఒకేసారి తినమంటే రెండోదానికే నీ దవడలు నొప్పెడతాయి. గ్లాసుడు రసం అయితే నువ్వు నిమిషంలో తాగేస్తావు. ఎండిన పండ్లతో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. పీచు పోదు గానీ నీరు పోతుంది. వంద గ్రాముల ద్రాక్షలో 70 కేలరీలుంటే, అంతే బరువు కిస్‌మిస్‌లో 300. గుప్పెడు చాలు.

మీ స్నేహితుల ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్లు ఉంటే పండ్లు పూర్తిగా మానేయక్కర్లేదు, ఎంత తినాలో డాక్టర్ చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. అరటిపండు, బంగాళాదుంపల్లోని పొటాషియం వాళ్లకి ప్రమాదం కావచ్చు. వాళ్లకి ప్రేమతో పండ్లు పట్టుకెళ్లే ముందు అడగండి.

చివరిగా తొక్కల గురించి అడిగారు. క్యారెట్, చిలగడదుంప బాగా కడిగితే తొక్కతో తినొచ్చు. ఆపిల్, జామ కూడా అంతే, పీచు ఎక్కువగా ఉండేది అక్కడే. బంగాళాదుంపని తొక్కతో ఉడకబెడితే విటమిన్ సి నీళ్లలోకి తక్కువ పోతుంది. అయితే వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అది ఉడికించినా పోదు. కొంచెమే పచ్చబడితే ఆ భాగాన్ని లోతుగా చెక్కేయండి. చాలామేర పచ్చబడినా, బాగా మొలకెత్తినా, చేదుగా ఉన్నా మొత్తం పారేయండి. కర్రపెండలం తొక్క మాత్రం ఎప్పుడూ తినొద్దు, మేకలకి కూడా పచ్చిది వేయొద్దు.

మీ
తాతయ్య