వర్గమూలం దగ్గర ఆగిపోయే ప్రోగ్రాం

ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎంత? స్కూలు పిల్లల్ని అడిగితే తడుముకోకుండా ‘ఎక్స్’ అంటారు. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన సింపై అనే ఉచిత గణిత ప్రోగ్రాంని అడిగితే మాత్రం, ఇచ్చిన ప్రశ్ననే తిరిగి మన చేతిలో పెడుతుంది. ఎక్స్ వాస్తవ సంఖ్య అని ముందే చెబితే, ఎక్స్ పరమ మూల్యం (మైనస్ గుర్తు ఉంటే తీసేసిన విలువ) అంటుంది. ధన సంఖ్య అని చెబితేనే ‘ఎక్స్’ అంటుంది. సింపైదే ఒప్పు. ఎక్స్ విలువ మైనస్ 3 అనుకోండి: దాని వర్గం 9, తొమ్మిదికి వర్గమూలం 3. మైనస్ 3 కాదు.

మామూలు క్యాలిక్యులేటర్ మూడింట ఒకటిని 0.3333 అని ఎక్కడో ఒకచోట కత్తిరిస్తుంది. సింపై భిన్నాన్ని భిన్నంగానే, π అనే సంఖ్యను π గానే ఉంచుతుంది. ప్రతి గణిత సమాసాన్నీ కొమ్మలుగా విడదీసి దాచుకుంటుంది: ‘ఎక్స్ వర్గం ప్లస్ 3’లో పైన కూడిక, దాని కింద ఒకవైపు ఘాతం, మరోవైపు 3. అవకలనం చేయాలంటే ఒక్కో కొమ్మకీ దాని సూత్రం వర్తింపజేస్తూ దిగితే చాలు.

సమాకలనం అంత తేలిగ్గా లొంగదు. 1960ల చివర్లో గణితజ్ఞుడు రాబర్ట్ రిష్ దానికొక పద్ధతి చూపించారు కానీ, అది ఎంత జటిలమంటే సింపైలో ఉన్నది అందులో కొంత భాగమే. వచ్చిన జవాబును సరిచూడటానికి దాన్ని అవకలనం చేసి, అసలు ప్రమేయం లోంచి తీసేస్తే సున్నా రావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. సైన్, ఘాతాలు, పరమ మూల్యం లాంటివి కలిసిన సమాసం సున్నాయో కాదో అన్ని సందర్భాల్లోనూ తేల్చగల పద్ధతి అసలు ఉండదని 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించారు.

అందుకే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో మనుషుల నిర్ణయాలు చాలా ఉంటాయి. ఎక్స్ వందో ఘాతం లోంచి 1 తీసేసి, ఎక్స్ మైనస్ 1తో భాగిస్తే వంద పదాల బహుపది వస్తుంది. ఈ రెండు రూపాల్లో ఏది ‘సరళం’? రాసినవాళ్లు ఏదనుకుంటే అది. ఆ నిర్ణయం కోడ్‌లో ఏ వరుసలో, ఎందుకు జరిగిందో చదవలేకపోతే, తెర మీది జవాబును నిరూపణలో వాడుకోవడానికి నా మనసొప్పదు.

మాక్సిమా అనే ఇలాంటి మరో ప్రోగ్రాం చరిత్ర తలచుకున్నప్పుడు ఇది మరీ బలంగా అనిపిస్తుంది. ఎమ్.ఐ.టి.లో 1960ల్లో మొదలైన ‘మాక్సైమా’ (Macsyma) దీనికి తల్లి లాంటి పూర్వరూపం. టెక్సాస్ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు విలియం షెల్టర్ 1982 నుంచి దాని ఒక ప్రతిని కాపాడుతూ వచ్చారు. 1998లో అమెరికా ఇంధన శాఖ అనుమతి సంపాదించి, దాన్ని అందరికీ విడుదల చేశారు. 2001లో ఆయన పోయారు. ప్రోగ్రాం ఆగలేదు, వాడేవాళ్లే పూనుకుని నడిపిస్తున్నారు.

సింపైని ఒండ్రెయ్ చెర్తిక్ మొదలుపెట్టారు. 2007 నుంచి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే వేసవి కార్యక్రమం ద్వారా ఎందరో విద్యార్థులు అందులో చేరారు; వాళ్లలో మన దేశపు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు చాలామంది ఉన్నారు. గణితం బాగా వచ్చినవాళ్లకి ఇక్కడ తొలి పని తప్పు జవాబు పట్టుకోవడమే. దాన్ని అతి చిన్న ఉదాహరణకు కుదించి చూపిస్తే, ఎవరో ఒకరు సరిదిద్దుతారు. ఆ ఉదాహరణ పరీక్షల జాబితాలో చేరుతుంది. ఆ తర్వాత ఎవరు కోడ్ మార్చినా, ముందు దానికి సరైన జవాబు వచ్చి తీరాలి.