కట్లపాము కాటుకు నొప్పి ఉండదు

వానాకాలం, తెల్లవారుజాము. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్న పిల్లవాడు కడుపునొప్పి అంటూ లేస్తాడు. తల్లి వాము నీళ్లు తాగిస్తుంది. కాసేపటికి గుటక పడటం లేదంటాడు. కనురెప్పలు సగం వాలి ఉంటాయి, నిద్ర చాలలేదేమో అనుకుంటారు. ఒంటి మీద గాయం కనిపించదు, వాపు ఉండదు. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల్లో, తండాల్లో ఇలాంటి ఉదయం ఏ ఇంటికైనా రావచ్చు. ఆ పిల్లవాడిని రాత్రి కట్లపాము కరిచి ఉంటుందేమోనన్న అనుమానం ఆ ఇంట్లో ఒక్కరికైనా వెంటనే రావాలి. ఈ వ్యాసం రాయడం అందుకే.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకలను, బల్లులను, ఇతర పాములను వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి కాటు పడిన చోట గుర్తు కూడా సరిగా కనిపించదు. కరిచినప్పుడు నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాకపోవచ్చు. మన కండరం కదలాలంటే నరం కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరాన్ని చేరాలి. కట్లపాము విషం ఆ నరం కొసనే పాడుచేస్తుంది. ముందు కనురెప్పలు వాలతాయి, తరువాత గొంతు పట్టు తప్పుతుంది, ఆపైన ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోతాయి. నాగుపాము విషం పనిచేసేది అవతలి ఒడ్డున. కండరం మీద ఆ రసాయనం వచ్చి చేరే చోటును అది ఆక్రమిస్తుంది. ఆ పట్టును విరుగుడు మందుతో, నియోస్టిగ్మిన్ అనే మరో మందు సూదితో చాలావరకు విడిపించవచ్చు. కట్లపాము చెడగొట్టిన నరం కొసలు మాత్రం మళ్లీ పెరగాలి. అందుకు రోజులు పడుతుంది. అన్నాళ్లూ వెంటిలేటరే ఊపిరి అందించాలి. నరాలు దెబ్బతినకముందే విరుగుడు ఒంట్లోకి వెళ్లాలనడం ఇందుకే.

ఒళ్లంతా చచ్చుబడిన రోగి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు. కానీ అతని మెదడు పనిచేస్తూ ఉండవచ్చు, చుట్టూ ఏడుస్తున్న వాళ్ల మాటలు అతనికి వినిపిస్తూ ఉండవచ్చు. దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. దారిలో ఊపిరి ఆగినంత మాత్రాన బండి వెనక్కి తిప్పవద్దు. ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, అతని ఛాతీ పైకి లేచేలా ఊపిరి ఊదుతూ ఆసుపత్రి దాకా తీసుకువెళ్లండి. గుండె కూడా ఆగిందనిపిస్తే ఛాతీని గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

చేలో కరిచే పాము తరచుగా రక్తపింజర. వరి గట్ల మీద, పత్తి చేలలో, గడ్డివాముల దగ్గర ఉంటుంది. దీని కాటుకు విపరీతంగా నొప్పి పుడుతుంది, వాపు పైకి పాకుతుంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని ఈ విషం పోగొడుతుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో దీన్ని కనిపెట్టే పరీక్ష చాలా చిన్నది. పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో కొద్దిగా రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తరువాత వంచి చూస్తే రక్తం ఇంకా నీళ్లలా పారితే విషం ఎక్కినట్టు. గాజు తగిలితే రక్తం త్వరగా గడ్డకడుతుంది కాబట్టి గొట్టం గాజుదే కావాలి.

కాటు పడగానే మన చేతులు తాడు కోసం వెతుకుతాయి. కట్టు కడితే విషం పైకి ఎక్కదనేది తరాల నమ్మకం. పాము విషంలో ఎక్కువ భాగం ప్రోటీన్లు, వాటిలో పెద్దవి చాలావరకు ఒంట్లోని ఊటనీటిని మోసే శోషరస నాళాల గుండా మెల్లగా సాగుతాయి. ఆ రసాన్ని ముందుకు తోసేది మన కండరాల కదలిక. నడిస్తే, పరుగెడితే విషాన్ని మనమే పంపు కొట్టి పంపినట్టు. విరిగిన ఎముకకు కట్టినట్టు ఒక కర్ర చెక్కను ఆసరాగా పెట్టి, గుడ్డతో వదులుగా చుట్టి, కాలు కదలకుండా ఉంచితే చాలు. బిగించి కట్టిన తాడు మంచి రక్తాన్ని కూడా ఆపేస్తుంది, కండను తినే విషాన్ని ఒక్కచోట నిలబెడుతుంది. ప్రాణం దక్కినా కాలు పోయిన వాళ్లున్నారు. ఎవరైనా అప్పటికే బిగించి కట్టి ఉంటే దాన్ని ఇంటి దగ్గర ఒక్కసారిగా తెంచకండి, వైద్యుడి ముందే విప్పాలి. గాటు పెట్టడం, నోటితో పీల్చడం రెండూ వద్దు. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు వెంటనే తీసేయాలి. తండాల్లో పెద్ద వయసు ఆడవాళ్లకు చేతినిండా గాజులుంటాయి. చెయ్యి వాచాక అవి రావు, ఇష్టం లేకపోయినా బతిమాలి తీయించండి.

మంత్రం వేయించుకుని బతికిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మన చుట్టూ తిరిగే పాముల్లో జెర్రిపోతు, నీరుకట్టె లాంటి విషం లేనివే ఎక్కువ. విషపాము కూడా ఒక్కోసారి కాటు వేసి విషం వదలదు. అలాంటి మనిషికి ఏ వైద్యం చేసినా బతుకుతాడు. ఈసారి కరిచింది ఏ పామో మనకు తెలియదు, తెలుసుకునేలోగా గంట గడిచిపోతుంది.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో పన్నెండు లక్షల మంది చనిపోయి ఉంటారని పరిశోధకుల అంచనా. ఏడాదికి సగటున 58,000 మంది. అందులో దాదాపు సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలోనే. నేపాల్ తరాయి పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. కాటు పడిన మనిషిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి వెంటనే వైద్య కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేసి, ఊళ్లలో అవగాహన కల్పించారు. అంతకుముందు కాటు పడిన నూరు మందిలో పది మందికి పైగా చనిపోయేవారు, ఆ తరువాత ఒక్కరి లోపుకు తగ్గింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు, దారి మాత్రమే త్వరగా దాటించారు. ఇప్పుడు మన తండాల్లో బైకులకు కొదవ లేదు. 108కు ఫోను చేయండి, అది రావడానికి ఆలస్యమైతే బైకు తీయండి. రోగికి వాంతి అవుతున్నా, స్పృహ తగ్గుతున్నా బైకు కాదు, కారో ఆటోనో కావాలి. ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టాలి.

విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే మందు, కాబట్టి పామును చంపి సంచిలో తేవలసిన పని లేదు. కరిచిన సమయం, రెప్పలు ఎప్పుడు వాలాయి, చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందా, ఇవి చెబితే వైద్యుడికి ఎక్కువ ఉపయోగం. పిల్లలకైనా పెద్దలకైనా మొదటి మోతాదు సమానమే, ఎందుకంటే పాము వదిలే విషం పిల్లవాడని తగ్గదు. మందు ఒంటికి పడకపోతే ఊపిరి బిగుసుకోవచ్చు. అప్పుడు ఇవ్వడానికి అడ్రినలిన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఎక్కించాలి.

ఇంట్లో మంచాలు చాలకపోతే కనీసం వానాకాలంలోనైనా పిల్లలను మంచం మీద పడుకోబెట్టండి. నేల మీద పడుకోక తప్పనివాళ్లకు దోమతెర కట్టి, అంచులు చాప కిందికి చుట్టూ దోపండి.